కార్ఖాన మనది.. నక్ష ఎవలది?

2026 జూన్ 7. పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్లు నడిపేటోళ్లు క్యాలెండర్ మీద గీత గీసి పెట్టుకోవాల్సిన తారీఖు ఇది. ఎలక్ట్రానిక్ బోర్డుల డిజైన్ చేసే ‘ఈగిల్’ సాఫ్ట్‌వేర్ అమ్ముడు, దానికి సపోర్ట్ ఇచ్చుడు ఆ రోజుతోని బంద్ అని అమెరికా కంపెనీ ఆటోడెస్క్ 2023లనే ప్రకటించింది. ఈగిల్ కొత్తగ వచ్చిన సరుకు కాదు. 1988 కాంచి ఉన్నది. జర్మనీ కంపెనీ తయారు చేసింది. ఒక్కసారి కొంటే మనదే అన్నట్టు అమ్మిన్రు. 2016ల ఆటోడెస్క్ కొన్నది. 2017 రాంగనే కొనుడు పోయి కిరాయి వచ్చింది. ఏటేటా పైసలు కట్టాలె. ఇప్పుడు ఆ కిరాయి ఇల్లు సుత ఖాళీ చేయమంటున్నరు. మా ఇంకో సాఫ్ట్‌వేర్‌లకు రండి, అండ్ల అన్నీ ఉన్నయ్ అంటున్నరు.

ఇది ఒక్క కంపెనీ ముచ్చట అయితే రాసేటంత పని లేకుండె. 2025ల ఇసొంటివే ఇంకో రెండు జరిగినయ్. మే నెలాఖరుల అమెరికా సర్కారు సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ కంపెనీలకు ఉత్తరాలు రాసి, చిప్‌ల డిజైన్ సాఫ్ట్‌వేర్ చైనాకు అమ్మొద్దన్నది. మళ్ల జూలై మొదట్ల ఎత్తేసింది. అదే జూలైల గుజరాత్‌ల ఉన్న నయారా ఎనర్జీ అనే ఆయిల్ కంపెనీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపింది. యూరప్ దేశాలు ఆంక్షలు పెట్టినయ్ గదా అన్నరు. లైసెన్స్‌కు పైసలు కట్టిన కంపెనీ ఢిల్లీ హైకోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. కొన్ని రోజులకు సేవలు మళ్ల వచ్చినయ్. కానీ ఒక సంగతి మాత్రం అందరికి సమజైంది. స్విచ్ మన ఇంట్ల లేదు.

మన పల్లెల భూమి పంచాయితీ వస్తే ముందుగాల అడిగేది నక్ష. పట్టా పాస్‌బుక్ ఉన్నా నక్ష లేకుంటే హద్దు తేలదు. ఎలక్ట్రానిక్ బోర్డుకు సుత అంతే. బోర్డు చేతిల ఉంటే సరిపోదు, దాని నక్ష ఎవల చేతిల ఉన్నదన్నదే అసలు ముచ్చట. పాశమైలారం బెల్ట్‌ల ఇయ్యాల శానామంది చేతిల బోర్డున్నది, నక్ష లేదు. ఉన్న నక్షలు సుత కిరాయి తాళం లోపల్నే ఉన్నయ్. ఆ తాళం మన చేతికి వచ్చే తొవ్వ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఫ్రీగ దొరుకుతది గనుక వాడమని నేను చెప్తలేను. ఫ్రీ అన్నది దాంట్ల చిన్న ముచ్చట.

గెర్బర్ అంటే జెరాక్స్ కాపీ

బోర్డు ఎట్ల తయారైతదో జర చెప్పుకుందాం. మొదలు స్కీమాటిక్ గీస్తరు. ఏ కాలు ఏ కాలుకు కలవాలె, ఏ రెసిస్టర్ ఎక్కడ అన్న లెక్క అది. తర్వాత లేఔట్. బోర్డు సైజు పెట్టి, విడిభాగాలను జాగల కూసోబెట్టి, రాగి తీగల దారులు గీస్తరు. 230 వోల్టుల దారికి, 5 వోల్టుల దారికి నడుమ ఎంత ఎడం ఉండాలె, మోటారు కరెంటు పోయే దారి ఎంత వెడల్పు ఉండాలె, ఇవన్ని ఈడ్నే తేల్తయ్. సాఫ్ట్‌వేర్ తప్పులు తనిఖీ చేస్తది. ఆఖరుకు ‘గెర్బర్’ ఫైళ్లు తీసి బోర్డు కొట్టేటోనికి పంపుతరు. బెంగళూరుకు పంపినా, గాంధీనగర్‌కు పంపినా, చైనాకు పంపినా వాళ్లు అడిగేది ఆ గెర్బర్ ఫైళ్లనే.

మోసం ఈడ్నే అయితది. చిన్న యూనిట్ ఓనర్ ఎవలో డిజైనర్‌కు పని ఇస్తడు. డిజైనర్ గెర్బర్ ఫైళ్లు ఇచ్చి పైసలు తీసుకొని పోతడు. ఓనర్ ‘డిజైన్ నా దగ్గర ఉన్నది’ అనుకుంటడు. ఉన్నది జెరాక్స్ కాపీ మాత్రమే. దాంతోని అదే బోర్డు వెయ్యి సార్లు కొట్టించుకోవచ్చు. కానీ ఒక్క చిప్ మార్చాల్నంటే, ఒక్క కనెక్టర్ జరపాల్నంటే అసలు ఫైలు కావాలె.

2021ల ప్రపంచమంత చిప్‌ల కరువు వచ్చినప్పుడు ఈ సంగతి బయట పడ్డది. మామూలు రోజుల్ల మార్కెట్ల దొరికే మైక్రోకంట్రోలర్లు నెలల తరబడి దొరకలె. దొరికిన కాడ ధర మండిపోయింది. అసలు ఫైలు చేతిల ఉన్నోళ్లు దొరికిన చిప్‌కు తగ్గట్టు బోర్డు మార్చుకొని బతికిన్రు. గెర్బర్ మాత్రమే ఉన్నోళ్లు డిజైనర్ కోసం వెతుక్కున్నరు. ఆయన నౌకరి మారిండు, నంబర్ మారింది. దొరికినా ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిపోయింది, ఫైలు తెరుచుకోదు.

మన బెల్ట్‌ల అసలు కథ

పాశమైలారం అంటే బయటోళ్లకు మందుల కంపెనీలు, కెమికల్ వాసన, నక్కవాగు కాలుష్యం యాదికొస్తయ్. నిజమే. కానీ ప్రతి కార్ఖానల ఎలక్ట్రానిక్ బోర్డులు ఉన్నయ్. ప్యాకింగ్ మిషన్ల, డ్రయ్యర్‌ల, బాయిలర్ ప్యానెల్ల, తూకం మిషన్ల, కంప్రెసర్‌ల. మెయింటెనెన్స్ పోరగాండ్లు దాన్ని పీసీబీ అనరు, ‘కార్డు’ అంటరు. ‘అన్నా, కార్డు పోయింది’ అన్న మాట ఫోన్ల వినపడ్డదంటే లైన్ ఆగిందని అర్థం.

నేను ఈ బెల్ట్‌ల కంట్రోల్ ప్యానెళ్ల పని మీద ఏండ్ల సంది తిరుగుతున్న. ఒక కార్ఖానల విదేశీ ప్యాకింగ్ మిషన్ కార్డు కాలింది. మిషన్ కంపెనీకి మెయిల్ పెడితే, ఆ మోడల్ బంద్ చేసినం, కొత్త కంట్రోల్ సిస్టం మొత్తం కొనుర్రి అన్నరు. కార్డు విప్పి చూస్తే రెండు లేయర్ల బోర్డు. రిలేలు, వాటిని నడిపే ట్రాన్సిస్టర్లు, పవర్ సప్లై. తాళం వేసిన ప్రోగ్రామ్ చిప్ దాంట్ల లేదు. అది మా అదృష్టం, ఉండి ఉంటే ఏం చేయకపోదుము. బోర్డును రెండు దిక్కుల స్కాన్ తీసి, ఆ ఫొటో మీద ‘కీక్యాడ్’ సాఫ్ట్‌వేర్‌ల కొత్తగ గీసినం. కాలిన కాడ రాగి దారి వెడల్పు చేసినం. మిషన్ నడిచింది. గీసిన పిలగాడు డిప్లొమా చదివినోడు. ఆ ఫైలు ఇయ్యాల ఆ కార్ఖాన మెయింటెనెన్స్ రూంల ఉన్నది. సొంత మిషన్ రిపేరుకు గీసుకునుడు వేరు, ఒకల డిజైన్ కాపీ కొట్టి బజార్ల అమ్ముడు వేరు. ఆ గీత దాటొద్దు.

ఇంకో దిక్కు చూడుర్రి. శాన యూనిట్లల్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌ల వచ్చిన క్రాక్ కాపీ. పెద్ద సాఫ్ట్‌వేర్ లైసెన్స్ లక్షల్ల ఉంటది, నెలకు నాలుగు బోర్డులు గీసే చిన్న ఓనర్‌కు గిట్టదు, గందుకే క్రాక్ పెట్టుకుంటరు. కానీ కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ఏం చెప్తదో ఎంతమందికి ఎర్కే? దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల కాంచి 3 ఏండ్ల దాంక జైలు, 50 వేల కాంచి 2 లక్షల దాంక జుర్మానా. వ్యాపారం కోసం వాడలేదని తేలితేనే జైలు తప్పే జాగ ఉన్నది. కార్ఖానల వాడేది వ్యాపారానికే గదా. పెద్ద కంపెనీ ఆర్డర్ ఇచ్చే ముంగట ఆడిట్‌కు వచ్చి లైసెన్స్ పేపర్ అడిగితే మొకం చెల్లదు. ఎగుమతి చేద్దామన్నోనికి ఇంకా కష్టం. పైగ క్రాక్ ఫైలుతోని వచ్చే వైరస్ కార్ఖాన నెట్‌వర్క్‌లకు దూరితే ఎవలను అడుగుతం?

ఫ్రాన్స్ మాష్టారు షురూ చేసిన పని

కీక్యాడ్‌ను 1992ల ఫ్రాన్స్ దేశంల గ్రెనోబుల్‌కు చెందిన జాన్ పియర్ షరా అనే అధ్యాపకుడు షురూ చేసిండు. శాన ఏండ్లు అది ఉత్సాహం ఉన్నోళ్లు వాడే చిన్న సాఫ్ట్‌వేరే. 2013ల యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ దాని మీద చేయి వేసింది. సెర్న్‌కు పైసలు లేక కాదు. తమ బోర్డుల డిజైన్లను ప్రపంచంల అందరితోని పంచుకోవాలని వాళ్లు అనుకున్నరు. నక్షను ఇచ్చినా అవతలోని దగ్గర అదే ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుంటే ఆ నక్ష తెరుచుకోదు. తెరుచుకోని నక్ష ఇచ్చి ఏం ఫాయిదా? గందుకే ఎవలైనా తెరిచేటట్టుండే సాఫ్ట్‌వేర్‌ను మంచిగ చేసుడే సక్కటి తొవ్వ అని తమ ఇంజనీర్లను పెట్టిన్రు. ఒక తీగ గీస్తుంటే పక్క తీగలు అవే జరిగి జాగ ఇచ్చే పద్ధతి ఆ పనిల్నే వచ్చింది. 2019ల కీక్యాడ్ లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి పోయింది. ఇప్పుడు దాదాపు ఏడాదికొక పెద్ద వెర్షన్ వస్తున్నది.

ఈగిల్ ఫ్రీ వెర్షన్‌ల రెండు లేయర్లు, 80 చదరపు సెంటీమీటర్ల బోర్డు దాటనియ్యకపోయేది. కీక్యాడ్‌ల గసొంటి గోడ లేదు. 32 రాగి లేయర్ల దాంక పోవచ్చు. ఈగిల్ ఫైళ్లను, ఆల్టియం ఫైళ్లను లోపలికి తీసుకుంటది. గందుకే పాత డిజైన్లు ఉన్నోళ్లు ఇప్పుడే మార్చుకోవాలె. మార్చినంక ఒక్కో బోర్డు సరిగ్గ వచ్చిందా లేదా కండ్లతోని చూసుకోవాలె, నూటికి నూరు పాళ్లు వస్తదని నమ్మొద్దు. ఇంకో ముఖ్యమైన ముచ్చట, కీక్యాడ్ ఫైలు సాదా అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌ల తెరిచినా కనపడ్తది. లైసెన్స్ జీపీఎల్. రేపు తయారు చేసేటోళ్లంతా చేతులెత్తేసినా మన కంప్యూటర్‌ల ఉన్న వెర్షన్‌ను ఎవలూ గుంజుకోలేరు. కార్ఖానల మిషన్ పదిహేను, ఇరవై ఏండ్లు నడుస్తది. సాఫ్ట్‌వేర్ కిరాయి ఏడాదికి అయిపోతది. ఈ రెండు వయసుల నడుమ ఉన్న తేడానే మన సమస్య.

ఆల్టియం ముచ్చట సుత చూడుర్రి. మస్తుమంది ఇంజనీర్లు వాడే ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీని 2024 ఆగస్టుల జపాన్ చిప్‌ల కంపెనీ రెనెసాస్ కొన్నది. 590 కోట్ల డాలర్ల బేరం. చిప్‌లు అమ్మేటోడే డిజైన్ బల్లకు సుత ఓనర్ అయిండు. అది తప్పని నేను అంటలేను, వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఆ బల్ల మీద కూసొని గీసే మనం రేపటి షరతులు ఎట్లుంటయో ఇయ్యాల చెప్పలేం.

అన్నిటికి ఇదే మందు కాదు

ఓపెన్ సోర్స్ అంటే పూనకం వచ్చినట్టు మాట్లాడేటోళ్లు ఉన్నరు. నేను ఆ దిక్కు లేను. శాన వేగంగ నడిచే మెమరీ, నెట్‌వర్క్ బోర్డులల్ల సిగ్నల్ చెడిపోతదా లేదా అని లోతుగ లెక్క కట్టే పనికి పైసలు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లే ఇంకా ముంగట ఉన్నయ్. హైదరాబాద్ పెద్ద కంపెనీల నౌకరి కావాల్నంటే ఆల్టియం, ఆలెగ్రో వచ్చా అని అడుగుతరు. కీక్యాడ్‌ల కొత్త వెర్షన్‌ల సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌ల తెరుచుకోదు. టీమ్ అంతా ఒక్క వెర్షన్ మీద ఉండకుంటే తలనొప్పి. విడిభాగాల లైబ్రరీలల్ల ఒక్క కాలు జాగ తప్పితే కొట్టించిన బోర్డులన్ని స్క్రాప్‌కు పోతయ్. ఆ తప్పు ఏ సాఫ్ట్‌వేర్‌లనైనా అయితది, చెక్ చేసే మనిషి కావాలె. ఆపద వస్తే ఎవలకు ఫోన్ చేయాలె అని ఓనర్లు అడిగేది న్యాయమే. పైసలు తీసుకొని కీక్యాడ్‌కు సపోర్ట్ ఇచ్చే కంపెనీ ఉన్నది, కానీ పటాన్‌చెరుల కూసొని చెప్పే మనిషి కావాల్నంటే మనమే తయారు చేసుకోవాలె.

ఇంకో హద్దు ఉన్నది, అది పానం ముచ్చట. 2025 జూన్ 30న మన పాశమైలారంల సిగాచి కంపెనీల పేలుడు జరిగింది. 50 మందికి పైగ కార్మికులు పోయిన్రు. బతుకుతెరువుకు ఎక్కడెక్కడి కాంచో వచ్చినోళ్లు. ఆ సావులకు సర్క్యూట్ బోర్డు జవాబు కాదు. జవాబు చెప్పాల్సింది కంపెనీ, తనిఖీ శాఖలు. ఇసొంటి జాగలల్ల, దుమ్ము, సాల్వెంట్ ఆవిరి ఉండే కాడ పెట్టే పరికరాలకు పేలుడు వాతావరణానికి పనికొస్తయని సర్టిఫికెట్ ఉండాలె. దాన్ని తీసి మనం గీసిన బోర్డు పెడదామనే ఆలోచన అస్సలు చేయొద్దు.

కానీ కార్ఖానలల్ల నడిచే ఒక పాడు అలవాటు గురించి చెప్పాలె. ఇంటర్‌లాక్ కార్డు పోతే కొత్తది వచ్చే దాంక నెలలు ఆగలేక, జంపర్ కొట్టి మిషన్ నడిపించే అలవాటు. సిగాచిల గట్ల జరిగిందని నేను అంటలేను. పరిశ్రమల పని చేసిన ఎవల్నైనా అడుగుర్రి, జంపర్ అంటే ఏందో చెప్తరు. గాలి సరిగ్గ ఆడకుంటే ఆగాల్సిన మిషన్, మూత తెరిస్తే ఆగాల్సిన మిషన్, ఒక్క వైర్ ముక్కతోని ఆగకుండ నడుస్తది. స్పేర్ కార్డు దొరకకపోవుడు జంపర్‌కు సాకు అయితున్నది. మిషన్ కొన్నప్పుడే సర్క్యూట్ నక్ష, స్పేర్ కార్డు అడిగి తీసుకుంటే, పేలుడు ప్రమాదం లేని కాడ మామూలు కార్డులను ఇక్కడ్నే చేసుకునే చేతులు ఉంటే ఆ సాకు పోతది. ఇండ్ల దాగి ఉన్నది కార్మికుని పానం. గందుకే నక్ష ముచ్చటను ఇంజనీర్ల గొడవ అని వదిలేయొద్దు.

చేతకాక కాదు, చేతికి ఇయ్యక

మనకు డిజైన్ చేతకాదా? 1967ల హైదరాబాద్‌ల ఈసీఐఎల్ పెట్టిన్రు. రెండేండ్లకే, 1969ల, టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. దాని చుట్టు కుషాయిగూడ, చర్లపల్లిల చిన్న ఎలక్ట్రానిక్ యూనిట్లు పుట్టినయ్. ఏఎస్ రావు పేరు మీద కాలనీనే ఉన్నది. మనోళ్లు దేశానికి ఓటింగ్ మిషన్లు చేసి ఇచ్చిన్రు. ఇయ్యాల సంగారెడ్డి జిల్లాల్నే కందిల ఐఐటీ ఉన్నది, సుల్తాన్‌పూర్‌ల మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నది. నడుమల పాశమైలారం. మూడింటి నడుమ దూరం గంట ప్రయాణం లోపల్నే. కానీ ఐఐటీల గీసిన బోర్డు పాశమైలారం కార్ఖానకు, కార్ఖాన కష్టం ఐఐటీకి చేరే తొవ్వ లేదు.

కేంద్రం 2025 మార్చిల రూ.22,919 కోట్లతోని ఎలక్ట్రానిక్ విడిభాగాల స్కీం తెచ్చింది. మల్టీలేయర్ బోర్డులు సుత అండ్ల ఉన్నయ్. అక్టోబర్‌ల ఒప్పుకున్న తొలి ఏడు ప్రాజెక్టులల్ల ఐదు తమిళనాడుకు, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు, ఒకటి మధ్యప్రదేశ్‌కు పోయినయ్. ఆ తొలి జాబితాల తెలంగాణకు ఒక్కటి రాలె. దాని మీద కొట్లాడాలె, నిజమే. కానీ బోర్డు కొట్టే ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన కొలువు మంచిదైతదని లేదు. నక్ష బయట కాంచి వచ్చి, మన పోరలు బోర్డులను ట్రేలల్ల పెట్టుడు, తీసుడు చేస్తే అది కాంట్రాక్ట్ కూలీనే. పాశమైలారంల కాంట్రాక్ట్ కూలీ అంటే ఏందో కొత్తగ చెప్పే పని లేదు.

రాష్ట్ర సర్కారు 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగ చేస్తున్నది. మంచి పనే. కానీ అండ్ల నేర్పే సాఫ్ట్‌వేర్ పిలగాడు ఇంటికి తీసుకపోయేదేనా? ల్యాబ్‌ల లైసెన్స్ ఉన్నన్ని రోజులే నేర్సుకునుడు, బయటికి వచ్చినంక క్రాక్ వెతుక్కునుడు అయితే సర్కారే దొంగ కాపీలకు గిరాకీ పెంచినట్టు. ఐఐటీ బాంబే ‘ఫాసీ’ ప్రాజెక్ట్ కింద ‘ఈసిమ్’ అనే ఓపెన్ సోర్స్ సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ ఉన్నది. కీక్యాడ్ మీద కట్టిందే, కేంద్ర విద్యాశాఖ పైసలతోని నడుస్తున్నది. మన పైసలతోని చేసిన సరుకు మన పాలిటెక్నిక్‌లల్ల ఎందుకు కనపడొద్దు? తెలుగుల లైనక్స్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ సంస్థోళ్లు హైదరాబాద్‌ల్నే ఉన్నరు. నేర్పేటోళ్లకు కరువు లేదు.

ఏం చేయాలె?

పెద్ద పైసలు అడుగుతలేను. ఒకటి, ఐటీఐ, డిప్లొమాల ఎలక్ట్రానిక్స్ చదివే ప్రతి పిలగాడు, పిల్ల పాస్ అయ్యే లోపట ఒక్క బోర్డు సొంతంగ గీసి, కొట్టించి, సోల్డర్ చేసి, నడిపి చూపెట్టాలె. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తోని. పరీక్ష పేపర్ మీద బొమ్మ గీసుడు కాదు.

రెండు, సర్కారు పైసలతోని తయారైన ఏ బోర్డుకైనా అసలు ఫైళ్లు అప్పజెప్పాలని టెండర్ల రాయాలె. వీధి లైట్ల కంట్రోలర్ అయినా, నీళ్ల మోటారు స్టార్టర్ అయినా. ఇయ్యాల కాంట్రాక్టర్ పోతే బోర్డు నక్ష సుత ఆయనతోనే పోతున్నది.

మూడు, 2023 మార్చిల రాయదుర్గంల 78 వేల చదరపు అడుగుల టీ-వర్క్స్ తెరిచిన్రు. మంచి మిషన్లు ఉన్నయ్. కానీ షిఫ్ట్ దిగిన మెయింటెనెన్స్ పిలగాడు ఔటర్ ఎక్కి అంత దూరం పోలేడు. పాశమైలారంల టీజీఐఐసీ దగ్గర ఒక పెద్ద గది దొరకదా? సోల్డరింగ్ బల్లలు, మైక్రోస్కోప్, చిన్న రీఫ్లో ఓవెన్, నాలుగు కంప్యూటర్లు, చెప్పే ఒక మనిషి. సాయంత్రం ఆరు కాంచి తొమ్మిది దాంక తెరిచి ఉంటే సాలు.

నాలుగోది ఓనర్లకు. డిజైన్ పని ఇచ్చేటప్పుడు ఆర్డర్ కాయిదం మీద ఒక్క లైన్ రాయుర్రి. ‘స్కీమాటిక్, లేఔట్ అసలు ఫైళ్లు, విడిభాగాల లిస్ట్ ఇచ్చినంకనే ఆఖరి పేమెంట్.’ దీనికి ఏ స్కీం అక్కర లేదు, ఏ మంత్రి సంతకం అక్కర లేదు. ఇంకో మాట, లైసెన్స్‌కు మిగిలిన పైసలల్ల జరంత ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసేటోళ్లకు పంపుర్రి. ఫ్రీగ దొరికినదాన్ని మనుషులే చేస్తున్నరు, వాళ్లకూ కడుపున్నది.

పటాన్‌చెరు, పాశమైలారం నేల మీద జాగ ఇచ్చింది మన ఊర్లు. వాగు పాడైంది మనది. పానాలు పోయింది మన దగ్గర పని చేసేటోళ్లవి. ఇంత ఇచ్చినంక కార్ఖాన లోపట నడిచే బోర్డు నక్ష అయినా మన పోరగాండ్ల చేతిల ఉండాలె. కిరాయి సాఫ్ట్‌వేర్ ఇచ్చినోడు ఖాళీ చేయుర్రి అన్న రోజు మోటారు ఆగొద్దు, జంపర్ పడొద్దు. ఆ పనికి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఇయ్యాల రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మిగిలింది నేర్సుకునుడు, నేర్పుడు.